సన్నాయి నోటికి రబ్బరు తొడుగు

పళ్లు పోయినవాళ్లు మెత్తగా వండుకుని తినగలరు. సన్నాయి మాత్రం ఊదలేరు. మాది సన్నాయి ఊదే ఇల్లు కాబట్టి, ఒక్క పంటి గురించి ఇంత రాయడానికి నేను మొహమాటపడను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. యుద్ధం జరుగుతున్న రోజుల నాటి సంగతి ఇప్పుడు రాయడానికి కారణం అదే. ఆటలాడే బిడ్డలున్న తల్లులు, ఆటగాళ్లను కట్టుకున్న ఆడవాళ్లు దీన్ని చదివితే నాకు సంతోషం. మేము పడ్డ భయం వాళ్లు పడనక్కర్లేదు.

మా ఊరు నరసరావుపేటకు బండిదారిలో ఉంటుంది. మేము సాయిబులం. తాతల కాలం నుంచి ఊళ్లో రాములవారి గుడికీ, చుట్టుపక్కల పెళ్లిళ్లకూ మేళం మాదే. మా మామ పెద్ద సన్నాయి. మా ఆయన దస్తగిరి మామ పక్కన కూర్చుని రెండో సన్నాయి ఊదేవాడు. డోలు కోటయ్యది. కోటయ్య మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, నన్ను చెల్లే అని పిలిచేవాడు.

మా ఆయనకు సన్నాయి ఎంతో చెడుగుడూ అంతే. కూతకు వెళ్తే ఆయన దమ్ము తెగేది కాదు. అవతలి జట్టువాళ్లు పట్టుకోవడం మానేసి, "వీడు మనిషా, కొలిమి తిత్తా?" అని నిలబడి చూసేవాళ్లు. మామకు ఆ ఆటంటే గిట్టదు. "నోటితో బతికేవాడివి, ఆ నోరు తీసుకుపోయి నలుగురి మోకాళ్ల మధ్య పెడతావేందిరా" అనేవాడు. ఈయన నవ్వి ఊరుకునేవాడు.

మాఘమాసం చివర

శివరాత్రి వెళ్లిన మర్నాడు కోత కోసిన చేలో ఆట పెట్టారు. నేను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాను. కోటయ్య మా ఆయన చేతిని తన భుజం మీద వేసుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆయన చొక్కా ముందు భాగమంతా రక్తం.

"ఏం కాలేదు చెల్లే, గాభరా పడమాక. అందరూ మీద పడ్డప్పుడు ఎవుడిదో మోకాలు నోటికి తగిలింది" అన్నాడు కోటయ్య.

మా ఆయన నా ముందుకు చెయ్యి చాపాడు. గుప్పిట తెరిచి చూపించాడు. అందులో పన్ను ఉంది. పైవరసలో ముందు పన్ను, వేరుతో సహా ఊడి వచ్చింది. నేను భయపడాల్సిన సమయంలో ఆశ్చర్యపోయాను. పంటి వేరు అంత పొడుగుంటుందని నాకు తెలియదు. మనకు కనిపించేది సగం కూడా కాదు. అంత లోతుగా పాతుకున్నది ఒక్క దెబ్బకు ఎట్లా వచ్చేసిందా అనుకున్నాను.

ఆ పన్నును మా అత్త తీసుకుంది. పిల్లలకు పాలపళ్లు ఊడితే పేడలో చుట్టి ఇంటి మీదికి విసరడం మనవాళ్ల అలవాటు. అట్లా చేస్తే కొత్త పన్ను తొందరగా వస్తుందంటారు. ఆ కంగారులో అత్త చేతులు తమకు తెలిసిన పని చేశాయి. కాస్త పేడ తెచ్చి పన్నును అందులో చుట్టి తాటాకు కప్పు మీదికి విసిరింది. మేమందరం చూస్తూనే ఉన్నాం. ఇరవై అయిదేళ్ల మగవాడికి కొత్త పన్ను రాదని మాకు తెలియక కాదు. ఆ నిమిషంలో ఎవరికీ తోచలేదు, అంతే.

ఊడింది ఒక్కటే అయినా ఇంకో మూడు పళ్లు వదులై ఊగుతున్నాయి. ఊళ్లో మందు వేసే ముసలాయన వచ్చి, "ఊగేయి పీకెయ్యండి, చీము పట్టుద్ది" అన్నాడు. పీకించుకోవడానికి మా ఆయన నోరు తెరవలేదు. మామ వచ్చి లాంతరు దగ్గరగా పెట్టి నోరంతా చూశాడు. లేచి వెళ్లి కొడుకు సన్నాయిని గుడ్డ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టి, చిలక్కొయ్యకు తగిలించాడు. ఆ మూతి కట్టడం చూసినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

ఫాల్గుణం

చెంప వాచింది. జ్వరం వచ్చింది. నోరు చెంచా దూరేంత కూడా తెరుచుకునేది కాదు. బండి కట్టుకుని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడ చీము తీసి, బిళ్లలిచ్చి, జ్వరం తగ్గాక గుంటూరులో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. పళ్లకు వేరే డాక్టరు ఉంటాడని మాలో ఎవరం వినలేదు. "పళ్లకొకడు, చెవులకొకడా? అయితే గోళ్లకు కూడా ఉంటాడేమో" అన్నాడు కోటయ్య. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వింది ఆ ఒక్కసారే.

గుంటూరు రైల్లో మామ ఒక పక్క, కొడుకు ఇంకో పక్క కూర్చున్నారు. మధ్యలో నేను. మామ ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పేవాడు. "అమ్మాయ్, వాణ్ని కిటికీ దగ్గర కూర్చోమాకని చెప్పు, గాలి తగులుద్ది." మా ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అయినా నేను మళ్లీ చెప్పేదాన్ని. ఆయన తల ఊపి ఇవతలికి జరిగేవాడు. ఇంటిపెద్ద కోపంగా ఉన్నప్పుడు కోడలు చేసే పని ఇదే.

పళ్లడాక్టరు ఇంటి వరండాలో బల్లలు వేసి ఉన్నాయి. లోపల్నించి కుట్టుమిషను తొక్కుతున్నట్టు చప్పుడు వచ్చేది. కాలితో తొక్కుతూ పన్ను తొలిచే యంత్రమని పక్కన కూర్చున్న గుంటూరావిడ చెప్పింది. చెంపకు కండువా చుట్టుకుని ఉంది పాపం. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా బల్ల మీద వాళ్లందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. నా ముఖం చూసి ఆవిడ తన చెంబులోని మజ్జిగ నాకు పోసింది.

"తాగమ్మా. వచ్చింది నీ పంటికా?"

"మా ఆయనకండీ. సన్నాయి ఊదుతాడు."

ఆవిడ అటు తిరిగి మా ఆయన్ని చూసింది. మళ్లీ నా వైపు చూసింది. "అయితే నా వంతు మీరు తీసుకోండి. నా పన్ను ఎట్లాగూ పోయేదే" అంది. మేము వద్దన్నా వినలేదు. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ పంటినొప్పి అన్న మాట వినపడితే ఆవిడ గుర్తొస్తుంది.

డాక్టరు నడివయసు మనిషి, నిదానస్తుడు. వదులైన పళ్లను ఒక్కొక్కటి వేలితో కదిపి చూశాడు. ఖాళీని చూసి, "ఊడిన పన్ను ఏది?" అని అడిగాడు.

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి మామే చెప్పాడు. "ఇంటి మీద ఏశామండీ."

"ఎందుకూ?"

"పిల్లలకేస్తాం గదండీ."

ఆయన కోప్పడలేదు. "పెద్దవాళ్ల పన్ను ఊడితే పారెయ్యకూడదండీ. వేరును చేత్తో రుద్దకుండా, మట్టి పోయేలా కడిగి, వెంటనే ఆ సందులోనే పెట్టి ఉంచాలి. అట్లా పెట్టిన పన్ను ఒక్కోసారి మళ్లీ పట్టుకుంటుంది" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని విన్నాను. మిరప నారు పీకి వేరేచోట నాటితే బతకడం రోజూ చూసేదే. కానీ మనిషి పన్ను కూడా అట్లా మళ్లీ వేరు పట్టుకుంటుందని ఆ రోజు వరకు నాకెవరూ చెప్పలేదు. మనలో అంత గొప్ప సంగతి ఉండి, మనకే తెలియకపోవడమా అనిపించింది.

ఊగే మూడు పళ్లనూ ఆయన సన్నటి తీగతో గట్టి పళ్లకు కట్టాడు. చేలో తడిక కట్టినట్టు, ఒక దాని ఆసరాతో ఇంకొకటి. గట్టివి కొరకొద్దన్నాడు, ఎక్కువ మాట్లాడొద్దన్నాడు. మామ అడిగాడు:

"సన్నాయండీ?"

"ఇప్పుడు చెప్పలేను. ఎముక పట్టుకోవాలి. పట్టుకుంటే ఊదుతాడు. లేకపోతే ఆ మూడూ కూడా పోతాయి."

చైత్రం

ఇంటికి వచ్చాక అత్తకు డాక్టరు మాట ఎవరూ చెప్పకూడదనుకున్నాం. కోటయ్య నోరు జారి చెప్పేశాడు. ఆమె నిచ్చెన వేయించి, తానే కప్పు ఎక్కుతానని పట్టుబట్టింది. కోటయ్యే ఎక్కి ఆకులు ఎత్తి వెతికాడు. దొరకలేదు. దొరికినా పనికిరాదని తెలిసినా వెతికాడు. దిగి వచ్చి, "ఎలక ఎత్తుకుపోయుంటుంది పెద్దమ్మా, దానిక్కూడా పళ్లు కావాల గదా" అన్నాడు. అత్త ఏడుస్తూనే అతన్ని తిట్టింది. తిట్టాక కాస్త కుదుటపడింది.

మా ఆయనకు రాగిజావ, పాలు, పలచటి పప్పుకట్టు. మంచం మీద వెల్లకిలా పడుకుని చూరు చూస్తూ ఉండేవాడు. తండ్రి ఇంట్లోకి వస్తే కళ్లు మూసుకునేవాడు. తండ్రి కూడా ఆ మంచం వైపు చూడకుండానే దాటిపోయేవాడు. ఇద్దరి మధ్యా నేను, జావ గిన్నె పట్టుకుని తిరిగేదాన్ని. ఒకరోజు ఆయన నా చెయ్యి పట్టుకుని ముంజేతి మీద వేళ్లు ఆడించాడు. ఏదో చెప్పాలనుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు. నా ముంజేతిని సన్నాయి చేసుకున్నాడు. ఏ రంధ్రం ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో వేళ్లు మరిచిపోకుండా చూసుకుంటున్నాడు. నేను చెయ్యి కదపకుండా కూర్చున్నాను.

శ్రీరామనవమి వచ్చింది. మేళంలో ఒకడు మంచాన పడ్డాడు కాబట్టి ఆ ఏడాదికి వేరే ఊరి మేళం పిలిపిద్దామని కొందరన్నారు. పూజారి ఒప్పుకోలేదు. "పెద్దాయన ఒక్కడే ఊదుతాడు, కోటయ్య ఒక్కడే వాయిస్తాడు. రాములవారికి అది చాలు" అన్నాడట. కల్యాణంలో మామ ఒక్కడే ఊదాడు. అలవాటు కొద్దీ కొడుకు అందుకునే చోట ఆగేవాడు. అక్కడ డోలు మాత్రమే వినిపించేది. పందిరి బయట నిలబడి ఉన్న మా ఆయన వేళ్లు అప్పుడు పంచె మీద కదిలేవి.

మామ కూడా ఆ వేళ్లను చూసినట్టున్నాడు. మర్నాటి నుంచి సాధకం చేసే చోటు మార్చాడు. ఎప్పుడూ పశువుల కొట్టం దగ్గర కూర్చునేవాడు. ఇప్పుడు మా గది గోడకు అవతల చాప వేసుకున్నాడు. ఒక ముక్క ఊది ఆగేవాడు. మళ్లీ అదే ముక్క, మళ్లీ ఆగేవాడు. పండిపోయిన విద్వాంసుడు పసివాడికి పాఠం చెబుతున్నట్టు ఎందుకు ఊదుతున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. గదిలోకి వెళ్లి చూస్తే, అవతల సన్నాయి ఆగిన ప్రతిసారీ ఇవతల మంచం మీద ఈయన వేళ్లు ఆ ముక్కను తిరిగి పలుకుతున్నాయి. వేళ్లు ఆగాకే గోడ అవతల సన్నాయి మొదలయ్యేది. మామకు ఇవతలి వేళ్లు కనిపించవు. ఎంతసేపు ఆగాలో ఎట్లా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలియదు. తండ్రీ కొడుకులు ఒక్క మాట మాట్లాడుకోకుండా అట్లా రోజూ పొద్దున్నే కూర్చునేవాళ్లు. నేను గడపలో నిలబడి, ఇద్దరినీ కదిలించకుండా ఊపిరి కూడా మెల్లగా పీల్చుకునేదాన్ని.

వైశాఖం

మళ్లీ గుంటూరు వెళ్లాం, డాక్టరు తీగ విప్పాడు. ఒక్కో పన్ను పట్టి కదిపాడు. కదల్లేదు. గుడ్డముక్క మడిచి పళ్ల మధ్య పెట్టి, "కొరుకు" అన్నాడు. ఈయన కొరికాడు. డాక్టరు లాగాడు. గుడ్డ రాలేదు.

"పట్టుకుంది" అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక నన్ను వేలు పెట్టి చూడనిచ్చేదాకా ఆయన్ని వదల్లేదు. ఊగుతూ ఉన్నవి ఇప్పుడు రాయిలా ఉన్నాయి. మేము తిట్టుకుంటూ, ఏడుస్తూ ఉన్న రోజుల్లో ఆ ఎముక తన పని తాను చేసుకుంటూ పోయింది. ఎవరం చూడలేదు. దానికి మెచ్చుకోలు కూడా అక్కర్లేదు.

డాక్టరు ఆ రోజే, "ఇక చెడుగుడు మానెయ్యాలి" అన్నాడు. మా ఆయన తల వంచుకున్నాడు. అప్పుడు మామ నోరు విప్పాడు. నన్ను చెప్పమన్నట్టు నా వైపు తిరగకుండా, నేరుగా డాక్టరుతోనే అన్నాడు.

"మానడండీ. ఇయ్యాళ మీకు మానుతానంటాడు, ఊళ్లో దిగంగానే చేలోకి పోతాడు. నేను చానాసార్లు చెప్పి చూశా. ఇంకో సంగతి కూడా ఉంది. ఈడికి ఆ దమ్ము ఆ ఆటలోనే వచ్చింది. నాక్కూడా లేదు అంత ఊపిరి. ఆట మాన్పిస్తే అదీ పోద్దేమో. ఆ పళ్లు పోకుండా ఏదైనా దారుంటే చెప్పండి."

మా ఆయన తలెత్తి తండ్రి వైపు చూశాడు. ఆ ఆట గురించి తండ్రి నోట మంచి మాట వినడం ఆయనకు అదే మొదలు.

మద్రాసులో గుద్దులాట ఆడే సోల్జర్లు నోట్లో రబ్బరు తొడుగు పెట్టుకోవడం చూశానన్నాడు డాక్టరు. దెబ్బ ఒక పంటి మీదే పడకుండా అన్నిటికీ సర్దుకుంటుందట. యుద్ధం వల్ల రబ్బరు దొరకడం కష్టంగా ఉన్నా, తన దగ్గరున్న దానితో చేసి చూస్తానన్నాడు. మెత్తబడిన మైనం ముద్దను మా ఆయన పళ్లకు అదిమించి తీశాడు. ఆ మైనంలో పళ్ల వరస అంతా దిగింది. ఊడిన పంటి చోట గుంట లేకుండా నున్నగా ఉంది. దాన్నిబట్టి అచ్చు పోసి, రబ్బరు అదిమి, ఇనప గిన్నెలో పెట్టి ఉడికించాడు. మనం ఇడ్లీ వండుకున్నట్టు ఆయన పళ్ల తొడుగు వండాడు. మళ్లీ వెళ్లినప్పుడు అది ఎర్రగా, గుర్రపునాడా ఆకారంలో చేతికి వచ్చింది. పెట్టుకుంటే వరసకు సరిగ్గా అతుక్కుంది. మనిషి నోరు ఇంకొకరి చేతిలో అంత కచ్చితంగా తయారవుతుందా అని నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను.

ఆడపిల్లలకూ చెబుతున్నాను, మగపిల్లలకూ చెబుతున్నాను. మీద పడి ఆడే ఆట ఏదైనా సరే, పళ్లకు తొడుగు వేసుకోండి. ఇప్పుడు అవి సులువుగా దొరుకుతున్నాయి. పెద్దవాళ్ల పన్ను ఊడితే ఇంటి మీద వెయ్యకండి. డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

సన్నాయి సంచి మూతిని మామే విప్పాడు. మొదటిరోజు గాలి తప్ప ఏమీ రాలేదు. పన్ను లేని చోట పెదవి లోపలికి కుంగి ఊపిరి పక్కకు పోతోంది. మా ఆయన మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు. చివరికి సన్నాయి పీకను వెంట్రుకవాసి ఎడమకు జరిపాడు. అక్కడ, ఎముక కొత్తగా పట్టుకున్న పళ్ల మీద పెదవి ఆనింది. సన్నగా ఒక స్వరం వచ్చింది, నిలబడింది, పెరిగింది. పొయ్యి దగ్గర ఉన్న అత్త పిడక చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

జ్యేష్ఠం

ఏరువాక నాడు పక్క ఊరి జట్టుతో ఆట. సాయంత్రం నరసరావుపేటలో మాకు పెళ్లి మేళం ఉంది. బండి కట్టి సిద్ధంగా ఉంచారు. "ఒక్క కూత, అంతే" అని మా ఆయన బతిమాలాడు. మామ ఒప్పుకోలేదు, కాదనలేదు. సన్నాయి సంచులు భుజాన వేసుకుని తాను కూడా చేలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఆ ఆట చూడటానికి రావడం అదే మొదటిసారి. నేను గడ్డివాము పక్కన ఆడవాళ్లతో ఉన్నాను.

మా ఆయన తొడుగు పెట్టుకోగానే అవతలివాళ్లు నవ్వారు. "ఒరేయ్, నూర్చే ఎద్దుకు చిక్కం కట్టినట్టుందిరా" అన్నాడు ఒకడు. "ధాన్యం తినకుండా కట్టారేమో" అన్నాడు ఇంకొకడు. ఆయన గీత దాటాడు. తొడుగు అడ్డం వచ్చి "చెడుగుడు" అన్న మాట స్పష్టంగా రావడం లేదు. గొంతులోంచి ఒక్కటే నాదంలా వస్తోంది. అవతలివాళ్లు "కూత లేదు, కూత తెగింది" అని గోల చేశారు. తీర్పు చెప్పే మునసబు ఆట ఆపి దగ్గరికి వచ్చాడు.

"అది తీసి ఆడరా దస్తగిరీ."

మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తియ్యకపోతే ఆట లేదు" అన్నారు అవతలివాళ్లు.

నాకు సంతోషమైంది. ఆట లేకుండా పోతే బాగుండుననుకున్నాను. మామ జనంలోంచి ముందుకు వచ్చాడు.

"అయ్యా, కూత ఎందుకు పెట్టారు? దమ్ము తెగిందా లేదా తెలవడానికేగదా. నా సన్నాయి శ్రుతిలో మాట ఉందా? తెగితే తమకు తెలవదా?"

మునసబు గడ్డం గోక్కున్నాడు. ఏళ్ల తరబడి మా మేళం విన్న మనిషి. "దమ్మే చూస్తా. తెగితే నేను చెబుతా" అన్నాడు.

ఆయన మళ్లీ వెళ్లాడు. గాలి తెగని ఆ ఒక్క స్వరం చేను మొత్తం మీద పరుచుకుంది. నవ్వినవాళ్లు నవ్వు మానేశారు. ఆయన వాళ్ల చుట్టూ తిరుగుతుంటే ఒక్క క్షణం పట్టుకోవడం మరిచి నిలబడ్డారు. తర్వాత ఒక్కసారిగా మీద పడ్డారు. దుమ్ములో ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. ఒక తల వెనక్కు విసురుగా వచ్చి ఆయన నోటికి తగలడం మాత్రం నాకు కనిపించింది. ఆ చప్పుడు గడ్డివాము దాకా వినిపించింది. నా పక్కనున్న ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు.

స్వరం ఆగింది. అందరూ లేచారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మామ సంచులు కోటయ్య చేతిలో పెట్టి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి కొడుకు ఎదుట కూర్చున్నాడు. మా ఆయన తొడుగు బయటికి తీశాడు. దాని మీద లోతుగా నొక్కుకుపోయిన గాటు ఉంది. పెదవి లోపల కొద్దిగా చిట్లింది. మామ తన వేలు కొడుకు నోట్లో పెట్టి ఒక్కొక్క పన్ను కదిపి చూశాడు. ఆ చివర నుంచి ఈ చివరికి. మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరికి. తల తగిలించిన కుర్రాడు నెత్తి రుద్దుకుంటూ, "నా తలే బొప్పి కట్టింది గాని ఆయన పళ్లకేం కాలేదు" అన్నాడు.

మామ లేచి వేలు పంచెకు తుడుచుకున్నాడు. "కడుక్కో. ముహూర్తానికి పోవాల" అన్నాడు కొడుకుతో.

పెళ్లివారింట్లో మేళం ఎప్పుడూ మామతోనే మొదలవుతుంది. ఆ రోజు పందిట్లో కూర్చున్నాక ఆయన తన సన్నాయిని ఒళ్లో పెట్టుకుని, "ఎత్తుకో" అన్నాడు. మా ఆయనకు అర్థం కాలేదు. "నిన్నేరా, ఎత్తుకో" అన్నాడు మళ్లీ. ఆయన పీక పెదాల మధ్య పెట్టుకుని, వెంట్రుకవాసి ఎడమకు జరుపుకుని ఎత్తుకున్నాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న నాకు కొత్త పెళ్లికూతురి మొహం ఎట్లా ఉందో గుర్తులేదు, ఆ పెళ్లిలో ఏం తిన్నానో గుర్తులేదు. ఆ స్వరం మాత్రం పందిరి గుంజల్లో, నా పళ్లలో కూడా వినిపించింది. మామ అందుకోవలసిన చోటు వచ్చింది. ఆయన అందుకోలేదు. కోటయ్య డోలు మీద చేతులు ఆడిస్తూనే ఆయన వైపు చూశాడు. మామ కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, కానివ్వమన్నాడు.